కక్షిదారు ఎవరు?

2022 సెప్టెంబరు నెలాఖరులో ఢిల్లీ న్యాయవర్గాల్లో ఒక చిత్రమైన వారం గడిచింది. అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ పదవీకాలం 30వ తేదీతో ముగియవలసి ఉంది. ఆయనకు అప్పటికి 91 ఏళ్లు నిండాయి. వారసుడిగా ముకుల్ రోహత్గీ రావడం ఖాయమని పత్రికలు రాసేశాయి. 2014 నుంచి 2017 దాకా ఆ పదవిలో ఉండి, తిరిగి ప్రైవేటు ప్రాక్టీసుకు వెళ్లిన రోహత్గీ రెండోసారి అంగీకరించారన్న వార్తలు వచ్చాయి. అంతలో ఆయన పునరాలోచించుకుని తప్పుకున్నారు. కారణం చెప్పలేదు, చెప్పాలని అడిగినవారూ లేరు. 28వ తేదీన ఆర్. వెంకటరమణి పేరుతో ఉత్తర్వులు వెలువడ్డాయి. అక్టోబరు 1న ఆయన బాధ్యతలు స్వీకరించారు.

నూట నలభై కోట్ల జనాభా గల గణతంత్రానికి ప్రధాన న్యాయ సలహాదారు నియామకం ఇంతటితో పూర్తయింది. ఒకరు ఎందుకు వద్దనుకున్నారో, మరొకరిని ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారో ప్రజలకు తెలియదు. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. రాజ్యాంగం 76వ అధికరణం కోరేది చాలా స్వల్పం. సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాగల అర్హత ఉన్న వ్యక్తిని రాష్ట్రపతి నియమిస్తారు. రాష్ట్రపతి అభీష్టం ఉన్నంత కాలం ఆ వ్యక్తి పదవిలో ఉంటారు. పారితోషికం రాష్ట్రపతి నిర్ణయించినంత. ఇక్కడ రాష్ట్రపతి అంటే కేంద్ర మంత్రివర్గమని వేరుగా చెప్పనక్కరలేదు. పదవీకాలం ఎంతో రాజ్యాంగంలో లేదు. తొలగింపునకు కారణం చూపాలన్న నిబంధన లేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు విరమించాలి. ఆయన ఎదుట నిలబడి వాదించే అటార్నీ జనరల్‌కు వయోపరిమితి లేదు.

ఇంత తక్కువ రక్షణ ఉన్న పదవికి రాజ్యాంగం ఇచ్చిన హోదా మాత్రం తక్కువది కాదు. దేశంలోని ఏ న్యాయస్థానంలోనైనా ఆయన వాదన వినిపించవచ్చు. 88వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయసభల్లోనూ కూర్చుని మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. సభ్యుడు కాని వ్యక్తిని, మంత్రి కూడా కాని వ్యక్తిని సభలో మాట్లాడనిచ్చారంటే, ప్రభుత్వానికి చెప్పే న్యాయ సలహాను అవసరమైతే ప్రజాప్రతినిధుల ముందు కూడా చెప్పగలవాడై ఉండాలని రాజ్యాంగ నిర్మాతలు భావించారనే అనుకోవాలి. ఆ హక్కు వినియోగంలోకి వచ్చిన సందర్భాలు బహు అరుదు.

నిర్మాతలకు ఈ ఉద్యోగం లోపలి నుంచి తెలుసు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి అడ్వకేట్ జనరల్. 1935 చట్టం కింద తొలి అడ్వకేట్ జనరల్ ఆఫ్ ఇండియాగా పనిచేసిన బి.ఎల్. మిత్తర్ కూడా ముసాయిదా సంఘంలో మొదట సభ్యులే. ఆయన వైదొలగిన స్థానంలోకే మచిలీపట్నంలో పుట్టిన న్యాపతి మాధవరావు వచ్చారు. పాలకుడికి ప్లీడరుగా ఉండడమంటే ఏమిటో అనుభవించిన మనుషులు ఉన్న ఆ సంఘం కూడా ఒక ప్రశ్నను తేల్చకుండానే వదిలేసింది. ఈ న్యాయవాదికి కక్షిదారు ఎవరు? మంత్రివర్గమా, రాష్ట్రపతా, రాజ్యాంగమా? కాగితం మీద ‘భారత ప్రభుత్వం’ అని ఉంది. ప్రభుత్వమూ రాజ్యాంగమూ ఒకే దిక్కుకు నడుస్తున్నంత కాలం ఆ ప్రశ్న తలెత్తదు. అవి విడిపోయిన రోజున ఏమవుతుందో చూడడానికి పాతికేళ్లు పట్టింది.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఫాలీ నారిమన్ వెంటనే రాజీనామా చేశారు. అటార్నీ జనరల్ నిరేన్ డే కొనసాగారు. ఆ ఏడాది డిసెంబరులో జబల్పూరు ఏడీఎం కేసు, అంటే హెబియస్ కార్పస్ కేసు, సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. విచారణ లేకుండా జైలులో పెట్టినవారు కోర్టు తలుపు తట్టవచ్చునని అప్పటికే తొమ్మిది హైకోర్టులు చెప్పి ఉన్నాయి. తట్టరాదని కేంద్రం తరఫున డే వాదించారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఆయనను ఆపి, 21వ అధికరణంలో స్వేచ్ఛతో పాటు ప్రాణం అన్న మాట కూడా ఉంది కదా, మీ వాదన దానికీ వర్తిస్తుందా అని అడిగారు. ఒక పోలీసు అధికారి కక్షకొద్దీ ఒక మనిషిని చంపితే పరిస్థితి ఏమిటన్నది ఆ ప్రశ్న సారాంశం. అత్యవసర పరిస్థితి ఉన్నంత కాలం కోర్టులో పరిహారం లేదని, ఇది మీ అంతరాత్మకే కాదు తన అంతరాత్మకు కూడా దిగ్భ్రాంతి కలిగించేదేనని డే జవాబిచ్చారు.

ఈ జవాబును చాలామంది దుర్మార్గానికి ఉదాహరణగా చెబుతారు. కాస్త ఆగి చూస్తే అది అంత సులభంగా తేలే మాట కాదు. డే అబద్ధం చెప్పలేదు. ప్రభుత్వ వాదనను దాని చివరి మెట్టు దాకా తీసుకువెళ్లి, అక్కడ ఏమున్నదో న్యాయమూర్తులకు చూపించారు. మెత్తగా మాట దాటవేసి ఉంటే ఖన్నా భిన్నతీర్పునకు అంత పదునైన ఆధారం దొరికేది కాదేమో. న్యాయమూర్తులను ఉలిక్కిపడేలా చేయాలనే ఆయన అలా మాట్లాడారని నమ్మేవారు ఈనాటికీ ఉన్నారు. అయినా నలుగురు న్యాయమూర్తులు ఉలిక్కిపడలేదు. 1976 ఏప్రిల్ 28న ప్రభుత్వం 4-1తో గెలిచింది. ఖన్నాకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టు విస్పష్టంగా చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా, పుట్టస్వామి కేసు దాకా ఆగవలసి వచ్చింది. అంతరాత్మకు దిగ్భ్రాంతి కలిగించే వాదన తన చేతికి వచ్చినప్పుడు అటార్నీ జనరల్ చేయగలిగింది రెండే. ఒకటి, కోర్టుకు రాకముందే ప్రభుత్వానికి ‘ఇది నిలబడదు, నేను నిలబెట్టను’ అని చెప్పడం. రెండు, నారిమన్ చేసిన పని. మొదటిది డే చేశారో లేదో లోకానికి తెలియదు. రెండోది చేయలేదని తెలుసు.

దీనికి ముందు మరో సంప్రదాయం లేకపోలేదు. తొలి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ 1950 నుంచి 1963 దాకా పదమూడేళ్లు ఉన్నారు. ఆ రికార్డు ఇంకా ఎవరూ దాటలేదు. జీవిత బీమా సంస్థ సొమ్ము సుమారు 1.24 కోట్లు హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాల్లో పెట్టిన వ్యవహారాన్ని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో బయటపెట్టినప్పుడు, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లా ఏకసభ్య కమిషన్‌గా విచారించారు. కమిషన్‌కు సహకరించిన న్యాయవాది సెతల్వాడే. ప్రభుత్వ న్యాయవాది కాబట్టి మంత్రిని కాపాడతారని ఎవరైనా అనుకుని ఉంటే నిరాశపడి ఉంటారు. శాఖలో జరిగినదానికి రాజ్యాంగరీత్యా ఆర్థిక మంత్రి బాధ్యుడేనని ఆయన వాదించారు. 1958 ఫిబ్రవరిలో టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సెతల్వాడ్ మరో అయిదేళ్లు అదే కుర్చీలో కొనసాగారు. ఈ చివరి వాక్యంలోనే నెహ్రూ కాలానికీ తరువాతి కాలాలకూ ఉన్న తేడా కనిపిస్తుంది. సెతల్వాడ్ ధైర్యం ఎంత ముఖ్యమో, ఆ ధైర్యానికి శిక్ష వేయని ప్రభుత్వం ఉండడమూ అంతే ముఖ్యం.

ఆ తరువాత పదవి క్రమంగా ప్రభుత్వంతో పాటు వచ్చి ప్రభుత్వంతో పాటు పోయేదిగా స్థిరపడింది. 1977లో డే వెళ్లారు, ఎస్.వి. గుప్తే వచ్చారు. 2004లో సోలీ సొరాబ్జీ వెళ్లి మిలన్ బెనర్జీ వచ్చారు. 2014లో గులాం వాహనవతి వెళ్లి రోహత్గీ వచ్చారు. ఇందులో తెలుగు పాఠకులు ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. ప్రభుత్వం మారితే జిల్లా కోర్టులో జీపీ మారతాడన్నది మన ఊళ్లలో ప్రతి వకీలు గుమాస్తాకూ తెలిసిన సంగతి. రాష్ట్ర స్థాయిలోనూ అంతే. 2023 డిసెంబరులో తెలంగాణలో బి.ఎస్. ప్రసాద్ స్థానంలో ఎ. సుదర్శన్ రెడ్డి, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్. శ్రీరామ్ స్థానంలో దమ్మాలపాటి శ్రీనివాస్ అడ్వకేట్ జనరల్ అయ్యారు. శ్రీనివాస్ అంతకు ముందు చంద్రబాబు ప్రభుత్వంలోనూ అదే పదవిలో ఉన్నవారు. కక్షిదారు తన వకీలును తాను ఎంచుకుంటాడన్న సూత్రం ఇక్కడ మొహమాటం లేకుండా అమలవుతుంది. ఆ మేరకు అది నిజాయతీ గల పద్ధతే. (1950 నుంచి అటార్నీ జనరల్ జాబితాలో పద్నాలుగు మంది పేర్లున్నాయి. అందులో తెలుగువారు లేరు, ఒక్క మహిళ కూడా లేరు. మొదటిది కాకతాళీయం కావచ్చు. రెండోదాన్ని అలా సరిపెట్టుకోవడం కష్టం.)

ఢిల్లీలో అసలు చిక్కు నియామకం కంటే పొడిగింపులోనే ఉంది. మూడేళ్ల కాలం వాడుకగా వచ్చింది. 2017లో 85 ఏళ్ల వయసులో వచ్చిన వేణుగోపాల్‌కు ఆ మూడేళ్లు ముగిశాక 2020లో ఒక ఏడాది, 2021లో మరో ఏడాది, 2022లో మూడు నెలలు పొడిగించారు. వయసు రీత్యా తానే తక్కువ కాలం కోరారన్న వివరణ సహేతుకమైనదే కావచ్చు. ఆయన విషయంలో ఈ పొడిగింపులు సలహాను మెత్తబరిచాయని అనడానికి ఆధారమూ లేదు. కానీ ఏటేటా కౌలు రాసుకునే రైతు భూస్వామితో గట్టిగా మాట్లాడడం ఎంత అరుదో, ఏటేటా ఉత్తర్వు కోసం చూడవలసిన సలహాదారు ‘కాదు’ అనడం కూడా అంతే అరుదు. సీబీఐ డైరెక్టరు ఎంపికకు ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కూర్చుంటారు. న్యాయమూర్తుల నియామకం ఎవరి చేతిలో ఉండాలన్నదానిపై కొలీజియానికీ కేంద్రానికీ పోరాటమే నడిచింది. 2015 అక్టోబరులో నియామకాల కమిషన్ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా వెళ్లింది. ఆ కేసులో ప్రభుత్వ పక్షాన నిలిచి వాదించిన అటార్నీ జనరల్ పదవి ఎలా భర్తీ అవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ రభసలో ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రభుత్వ న్యాయవాదిగా కాక తన సొంత విచక్షణతో ఆయన సంతకం పెట్టే చోటు ఒకటుంది. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం 15వ సెక్షను కింద, ఒక పౌరుడు మరొకరిపై సుప్రీంకోర్టులో క్రిమినల్ ధిక్కరణ పిటిషన్ వేయాలంటే ముందు లా ఆఫీసరు లిఖితపూర్వక సమ్మతి కావాలి. ఆచరణలో ఆ అర్జీలు అటార్నీ జనరల్ బల్ల మీదికే వస్తాయి. 2020 అక్టోబరులో అలా వచ్చినదానిలో ఇద్దరు తెలుగువారి పేర్లున్నాయి. అంతకు ముందు అక్టోబరు 6న నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డేకు లేఖ రాశారు. సుప్రీంకోర్టులో రెండో స్థానంలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణపై, రాష్ట్ర హైకోర్టు వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారని అందులో ఆరోపించారు. కొన్ని రోజులకే దాన్ని పత్రికలకు విడుదల చేశారు. ధిక్కరణకు అనుమతి ఇవ్వాలని న్యాయవాది అశ్వినీ కుమార్ ఉపాధ్యాయ్ వేణుగోపాల్‌ను కోరారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సమ్మతి ఇస్తే ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి సుప్రీంకోర్టు బోనులో నిలబడతారు. ఇవ్వకపోతే కాబోయే ప్రధాన న్యాయమూర్తి గౌరవాన్ని గాలికి వదిలారన్న నింద వస్తుంది. నవంబరు 2న వేణుగోపాల్ నిరాకరించారు. ఆ ప్రవర్తన, లేఖ విడుదల చేసిన సమయం ప్రాథమికంగా ధిక్కారపూరితంగానే కనిపిస్తున్నాయని రాస్తూనే, విషయం ఇప్పటికే ప్రధాన న్యాయమూర్తి పరిశీలనలో ఉన్నందున తాను తలదూర్చడం తగదన్నారు. ఉపాధ్యాయ్ మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. తరువాత 2021 మార్చిలో సుప్రీంకోర్టు అంతర్గత విచారణ విధానం కింద జగన్ ఫిర్యాదును తోసిపుచ్చింది. ఏప్రిల్ 24న రమణ ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. తెలుగు టీవీ చర్చల్లో ఒక పక్షం ఈ నిరాకరణను విజయంగా, మరో పక్షం ‘ధిక్కారపూరితం’ అన్న మాటను విజయంగా చాటుకుంది. లేఖను చదివినవారికి కనిపించేది వేరు. అందులో కేంద్ర ప్రభుత్వ ప్రయోజనం అన్న ఆలోచన లేదు. కోర్టు తన పని తాను చేసుకోనివ్వాలన్న ఒక న్యాయవాది విచక్షణ ఉంది. అదే నెలలో హాస్యకారుడు కునాల్ కమ్రా ట్వీట్ల విషయంలో ఆయనే సమ్మతి ఇచ్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ కొలబద్ద సరైనదేనా అని వాదించవచ్చు. వాదించగలగడమే ముఖ్యం, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ కారణాలు కాగితం మీద ఉన్నాయి.

ఈ విచక్షణ కోర్టు గదిలో కూడా ఒకసారి బయటపడింది, అదీ జస్టిస్ రమణ ధర్మాసనం ఎదుటే. రాజద్రోహ నేరానికి సంబంధించిన 124ఎ సెక్షను స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ల తరువాత కూడా అవసరమా అని 2021 జులై 15న ప్రధాన న్యాయమూర్తి రమణ అడిగారు. కొట్టివేయనక్కరలేదు, మార్గదర్శకాలు పెట్టండి అన్నారు వేణుగోపాల్. 2022 మే మొదటి వారంలో మళ్లీ విచారణ జరిగినప్పుడు కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా ఉన్నారు. అటార్నీ జనరల్ కోర్టు నోటీసు మేరకు వేరుగా తన అభిప్రాయం వినిపించారు. హనుమాన్ చాలీసా పఠిస్తామన్నందుకు మహారాష్ట్రలో రాజద్రోహం కేసు పెట్టడాన్ని దుర్వినియోగానికి ఉదాహరణగా చూపుతూనే, 1962 నాటి కేదార్‌నాథ్ సింగ్ తీర్పు నిలవాలన్నారు. నాలుగు రోజులకు కేంద్రం చట్టాన్ని పునఃపరిశీలిస్తామని అఫిడవిట్ వేసింది. మే 11న కోర్టు ఆ సెక్షను అమలును నిలిపివేసింది. ప్రభుత్వానికీ దాని ప్రధాన న్యాయ సలహాదారుకూ ఒకే కేసులో రెండు గొంతులు ఉండడం కొందరికి గందరగోళంగా తోచింది. నిజానికి ఈ పదవి ఉండవలసిన తీరుకు అది దగ్గరి దృశ్యం.

అలాంటి దృశ్యాలు పదేపదే కనిపించవు. కేంద్రం పరువు ముడిపడిన కేసుల్లో ముందుకు వచ్చే గొంతు కొన్నేళ్లుగా ఎక్కువసార్లు సొలిసిటర్ జనరల్‌దే. రాజ్యాంగంలో ఆ పదవి పేరే లేదు. 2018 అక్టోబరు నుంచి మెహతా ఆ స్థానంలో ఉన్నారు. అటార్నీ జనరల్ మాట్లాడిన చోట కూడా ప్రభుత్వ వాదనే తరచు వినిపిస్తుంది. పార్టీలకు వచ్చే విరాళాల మూలం తెలుసుకునే హక్కు ఓటరుకు రాజ్యాంగం ఇవ్వలేదని 2023 అక్టోబరులో ఎన్నికల బాండ్ల కేసులో వెంకటరమణి లిఖితపూర్వకంగా సమర్పించారు. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టివేశారు. బిల్లులు తొక్కిపెట్టిన తమిళనాడు గవర్నరు తరఫున 2025లో వాదించిందీ ఆయనే. కేసు ఓడిపోవడం నేరం కాదు, సెతల్వాడ్ కూడా ఓడిపోయారు. ఓడిపోయే ముందు, మూసిన తలుపుల వెనుక, ఆయన ప్రభుత్వానికి ఏమి చెప్పారన్నదే తెలుసుకోవలసిన విషయం. అది తెలిసే దారి లేదు.

ఆ దారి మూసుకున్నది 2017లో. అటార్నీ జనరల్ కార్యాలయం సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని 2015 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. రెండేళ్లకు ద్విసభ్య ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ప్రభుత్వానికీ ఆయనకూ ఉన్నది కక్షిదారుకూ న్యాయవాదికీ మధ్య ఉండే విశ్వాస బంధమని, ఆ సలహాలను బహిరంగం చేయలేమని దాని తర్కం. వకీలు నాలుక కట్టేస్తే వకీలు నిజం చెబుతాడని ఆశించలేం కాబట్టి, అప్పటికప్పుడు గోప్యత ఉండడం సబబే. అయితే విశ్వాసం ఎవరి పట్ల అన్న ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. బొగ్గు గనుల కేసులో సీబీఐ ముసాయిదా నివేదికపై 2013 మార్చిలో న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ దగ్గర సమావేశం జరిగింది. అందులో అటార్నీ జనరల్ వాహనవతి కూడా ఉన్నారని కోర్టుకు చేరిన పత్రాల్లో వచ్చింది. మంత్రి మే 10న రాజీనామా చేశారు. కోర్టులో సీబీఐ తరఫున మాట్లాడిన అదనపు సొలిసిటర్ జనరల్ హరీన్ రావల్ అప్పటికే వెళ్లిపోయారు. వాహనవతి ప్రభుత్వం మారేదాకా కొనసాగారు. ఆ సమావేశంలో ఆయన కూర్చున్నది మంత్రి వకీలుగానా, కోర్టుకు బాధ్యుడైన రాజ్యాంగ పదవీధారిగానా?

బ్రిటన్‌లో అటార్నీ జనరల్ బాహాటంగానే పాలకపక్ష రాజకీయ నాయకుడు. అక్కడ కూడా ఇదే ప్రశ్న నిలదీసింది. ఇరాక్ యుద్ధం చట్టబద్ధమేనా అన్నదానిపై 2003 మార్చి 7న లార్డ్ గోల్డ్‌స్మిత్ ప్రధానికి ఇచ్చిన పదమూడు పేజీల సలహాలో సందేహాలున్నాయి. పది రోజుల తరువాత పార్లమెంటుకు ఇచ్చిన పొట్టి సమాధానంలో సందేహాలు లేవు. పూర్తి పాఠం 2005 ఏప్రిల్‌లో బయటికి వచ్చింది. అది రావడం వల్ల బ్రిటిష్ ప్రభుత్వానికి సలహా చెప్పేవారు మూగబోలేదు.

ప్రైవేటు ప్రాక్టీసు సంగతి ఒక్క మాట. కేంద్రానికి వ్యతిరేకంగా తప్ప ఇతర కేసులు తీసుకోవడానికి అటార్నీ జనరల్‌కు వీలుంది. 2015లో కేరళ ప్రభుత్వ మద్య విధానాన్ని సవాలు చేసిన బారు యజమానుల పక్షాన రోహత్గీ, న్యాయశాఖ అనుమతితోనే, సుప్రీంకోర్టులో హాజరయ్యారు. నిబంధనలు ఉల్లంఘించలేదు. ఒక రాష్ట్రంపై ప్రైవేటు వ్యాపారుల తరఫున గణతంత్ర ప్రధాన న్యాయవాది నిలబడడం చూడముచ్చటగా మాత్రం లేదు. నల్ల కోటు ఒకటే కాబట్టి ఈ పూట ఆయన ఎవరి మనిషో గుర్తుపట్టడం కష్టం.

నియామకానికి ఎంపిక కమిటీ పెట్టాలన్న సూచన వినసొంపుగా ఉంటుంది కానీ అంత ఉపయోగం లేదు. తాను నమ్మని వకీలును ఏ ప్రభుత్వమూ సలహా అడగదు, పక్కన మరొకరిని పెట్టుకుంటుంది. 2011లో టూజీ కేసులో ప్రైవేటు న్యాయవాదిని తెచ్చుకున్నందుకు సొలిసిటర్ జనరల్ గోపాల్ సుబ్రమణ్యం రాజీనామా చేసిన ఉదంతం అదే. ఎంపికను ప్రభుత్వానికే వదిలి, రెండు చిన్న మార్పులు చేస్తే పరిస్థితి కొంత మారుతుంది. పదవీకాలం ఒక్కసారే, పొడిగింపు లేకుండా, అయిదేళ్లు ఉండాలి. రాజ్యాంగ ప్రాముఖ్యం గల కేసుల్లో ఇచ్చిన లిఖిత సలహా కొన్నేళ్ల తరువాత పార్లమెంటు ముందుకు రావాలి. రెండోది ఉంటే, రేపు చదువుతారన్న ఎరుకతో సలహాదారు ఈ రోజు రాస్తాడు. అడిగే మంత్రి కూడా అదే ఎరుకతో అడుగుతాడు.

ప్రస్తుతం ఉన్నది ఇందుకు విరుద్ధం. వెంకటరమణి మూడేళ్ల కాలం 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. అక్టోబరు 1 నుంచి మరో రెండేళ్లు పొడిగించారు. ఆ లెక్కన 2027 సెప్టెంబరు చివరి వారంలో న్యాయశాఖ ఫైలు మళ్లీ కదలాలి. పేరు ముందుగా పత్రికల్లో వస్తుంది, ఉత్తర్వు తరువాత వస్తుంది.